మెట్లు పెరిగే నిచ్చెన

2012 మే నెలలో మా ఇంటికి మొదటి ఏసీ వచ్చింది. అప్పుడు హైదరాబాద్ రామ్‌నగర్‌లో రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్ళం. ఒకటిన్నర టన్నుల ఏసీ, అదీ వాయిదాల మీద. బిగించిన రాత్రి అమ్మ, నేను, నా భార్య, మా వాడు, సెలవులకని నల్లగొండ నుంచి వచ్చిన చెల్లెలు, ఆమె ఇద్దరు పిల్లలు, మొత్తం ఏడుగురం ఆ ఒక్క గదిలోనే బొంతలు పరుచుకుని పడుకున్నాం. చల్లదనం బయటికి పోకుండా అమ్మ ఓ పాత చీర మడిచి తలుపు కింద సందులో దోపింది. అర్ధరాత్రి కరెంటు పోయింది. ఒక్కరు కూడా లేవలేదు. "ఇంకా చల్లగానే ఉందిలే" అని చీకట్లో ఎవరో గొణిగారు.

ఇప్పుడు నిజాంపేటలో మూడు పడకగదుల ఫ్లాట్, మూడు గదుల్లో మూడు ఏసీలు. అవి ఉన్నాయన్న సంగతి మాకు గుర్తొచ్చేది రిమోట్‌లో బ్యాటరీలు అయిపోయినప్పుడే.

ఇక్కడ "ఆ రోజులే వేరబ్బా" అనేసి ఊరుకోవడం చాలా తేలిక. కానీ ఆ ఏసీ రావడానికి ఏడాది ముందు, అదే ఇంట్లో, నాన్నకు ఛాతీలో నొప్పి వస్తే ఆసుపత్రి డిపాజిట్ 40 వేల కోసం రాత్రి పదకొండింటికి నేను మూడిళ్ళ తలుపులు తట్టాను. మూడో ఇంట్లో దొరికింది. ఆ రోజులు మళ్ళీ కావాలా అని ఎవరైనా అడిగితే వద్దనే అంటాను. డబ్బు మా ఇంటికి చాలా మేలు చేసింది. అదే సమయంలో, ఆ ఏసీ రాత్రి లాంటి రాత్రి మళ్ళీ మా ఇంట్లో రాలేదు. ఈ రెండు మాటలూ నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఆర్థికవేత్తలు 50 ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు.

ఆ తగువుకి ఈస్టర్లిన్ పారడాక్స్ (వైరుధ్యం) అని పేరు. రిచర్డ్ ఈస్టర్లిన్ అమెరికా ఆర్థికవేత్త, 2024 డిసెంబరులో పోయారు. 1974లో ఆయన ఒక పరిశోధన పత్రంలో రెండు సంగతులు పక్కపక్కన పెట్టారు. మొదటిది, ఏ దేశంలోనైనా ఒక రోజున వెళ్ళి అడిగితే, డబ్బున్నవాళ్ళు లేనివాళ్ళ కంటే సంతోషంగా ఉన్నామని చెబుతారు. ఇందులో వింతేమీ లేదు. రెండోది, అదే దేశం మొత్తంగా ధనవంతమైపోతే, జనం చెప్పే సంతోషం సగటున పెరగడం లేదు. 1946 నుంచి 1970 దాకా అమెరికాలో జరిగిన సర్వేలు చూస్తే కార్లు పెరిగాయి, ఇళ్ళు పెరిగాయి, ఫ్రిజ్‌లు పెరిగాయి, సంతోషం గీత మాత్రం ఉన్నచోటే అటూ ఇటూ ఊగింది.

చిక్కు ఎక్కడుందో చూడండి. డబ్బున్నవాడు లేనివాడి కంటే సంతోషంగా ఉంటే, అందరికీ డబ్బొచ్చినప్పుడు అందరూ సంతోషంగా ఉండాలి కదా. ఉండటం లేదంటే, సంతోషం ఇచ్చేది డబ్బు కాదేమో, పక్కవాడి కంటే ఎక్కువ డబ్బేమో. పక్కవాడి కంటే ఎక్కువ అనేది అందరికీ ఒకేసారి దొరకదు.

సంతోషాన్ని అసలు ఎలా కొలుస్తారని మీకు అనుమానం వచ్చి ఉండాలి. ఎక్కువగా వాడేది ఒక నిచ్చెన. హాడ్లీ కాంట్రిల్ అనే పరిశోధకుడు 1960లలో తయారుచేసిన ప్రశ్న అది. 0 నుంచి 10 దాకా మెట్లున్న నిచ్చెన ఊహించుకోండి. పదో మెట్టు మీకు సాధ్యమైన అత్యుత్తమ జీవితం, సున్నా అధ్వాన్నమైన జీవితం. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారు? అంతే ప్రశ్న. కాంట్రిల్ మన దేశంలో కూడా అడిగించాడు. అప్పటి మన సగటు 3.7, అమెరికాది 6.6. ఇంతవరకూ అనుకున్నట్టే ఉంది. కానీ ఈజిప్టు 5.5 అంది, దానికంటే ఎన్నో రెట్లు డబ్బున్న పశ్చిమ జర్మనీ 5.3 అంది. ఈస్టర్లిన్‌కి తీగ దొరికింది ఇలాంటి చోటే.

ఈ ప్రశ్న చదివాక నేను ఊరుకోలేక మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడిగాను. పాలమూరు ఆయన. సెల్లార్‌లో మెట్ల కింద ఒకే గది, అందులోనే నలుగురు. నిచ్చెన సంగతంతా విని కాసేపు ఆలోచించాడు. "గిప్పుడైతే ఏడు సార్" అన్నాడు. ఎందుకంటే బిడ్డకు గురుకులంలో సీటొచ్చింది, ఊళ్ళో అప్పు తీరింది. "మరి మీది?" అన్నాడు. ఆరు అన్నాను. నవ్వాడు. "గింత ఇల్లుండి ఆరేనా సార్?"

ఈ ముచ్చట మావాళ్ళకి చెబితే అందరూ "చూశావా, పేదవాళ్ళే హాయిగా ఉంటారు" అన్నారు. ఆ మాట నాకు నచ్చదు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఏటా మార్చిలో మన పేపర్లలో వచ్చే ప్రపంచ సంతోష నివేదిక కూడా ఈ నిచ్చెన మీదే నడుస్తుంది. 2025లో 147 దేశాల్లో మనది 118వ స్థానం, పాకిస్తాన్‌ది 109. ఇక టీవీ చర్చలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. తలసరి ఆదాయం, ఆయుర్దాయం, అవినీతి వగైరా ఆరు అంశాలు కూడి ర్యాంకు ఇస్తారని చాలాచోట్ల రాస్తారు. అది తప్పు. ర్యాంకు ఇచ్చేది ఒక్క నిచ్చెన ప్రశ్నే. ఒక్కో దేశంలో ఏటా సుమారు వెయ్యి మందిని అడిగి, మూడేళ్ళ సగటు తీస్తారు. ఆ ఆరు అంశాలూ ఆ అంకె అలా ఎందుకుందో వివరించడానికి తర్వాత వాడేవి. 2018 నుంచి వరసగా ఫిన్‌లాండ్ మొదటి స్థానంలో ఉంది. అక్కడి జనం రోజంతా నవ్వుతూ తిరుగుతారని దానర్థం కాదు. తమ జీవితానికి సగటున ఎనిమిదికి కాస్త తక్కువ మార్కులు వేసుకుంటారని, అంతే.

ఈస్టర్లిన్ మాటను అందరూ ఒప్పుకోలేదు. 2008లో బెట్సీ స్టీవెన్‌సన్, జస్టిన్ వుల్ఫర్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలన్నీ తిరగదోడారు. ఈస్టర్లిన్ పక్షానికి పెద్ద సాక్ష్యం జపాన్. 1958 నుంచి 1987 మధ్య అక్కడ తలసరి ఆదాయం ఐదు రెట్లయినా సంతోషం కదల్లేదన్నది ఆ వాదన. ఆ సర్వేలో మధ్యలో ప్రశ్నే మారిపోయింది, ఆ ముక్కలన్నీ అతికించి ఒక గీత గీస్తే ఎలా అని వీళ్ళిద్దరూ అడిగారు. ఇంకో మాట కూడా చెప్పారు. రూపాయలు లెక్కపెట్టకండి, రెట్లు లెక్కపెట్టండి అని.

ఇది నా ఉద్యోగంలో నాకు రోజూ కనిపించేదే. నేను పేరోల్‌లో, అంటే ఉద్యోగుల జీతాల లెక్కలు చూసే విభాగంలో పనిచేస్తాను. నెలకు 25 వేల జీతగాడికి ఇంకో 25 వేలు పెరిగితే వాడి బతుకే మారిపోతుంది. పెళ్ళి కుదురుతుంది, బండి వస్తుంది, అమ్మ మందులకు ఇబ్బంది ఉండదు. రెండున్నర లక్షల వాడికి అదే 25 వేలు పెరిగితే ఇంట్లో చెప్పడం కూడా మర్చిపోతాడు. వాడికి అంత ఆనందం రావాలంటే జీతం 5 లక్షలు కావాలి. నిచ్చెన మీద ప్రతిసారీ అంతే ఎత్తు ఎక్కాలంటే ఆదాయం ప్రతిసారీ రెట్టింపు కావాలన్నమాట. అలా లెక్కేస్తే, వృద్ధితో సంతోషం ఎక్కడా ఆగిపోవడం లేదు, నిదానిస్తోంది అంతే అని వీళ్ళ వాదన. ఈస్టర్లిన్ తగ్గలేదు. మాంద్యం వస్తే సంతోషం పడుతుంది, తేరుకుంటే లేస్తుంది, అది నేనూ ఒప్పుకుంటాను, పదేళ్ళు పైబడిన కాలానికి చూసి మాట్లాడండి అన్నారు. తగువు ఇంకా తెగలేదు. నా మట్టుకు నాకు, స్టీవెన్‌సన్, వుల్ఫర్స్‌ల లెక్క గట్టిదనిపిస్తుంది, ఈస్టర్లిన్ అడిగిన ప్రశ్న లోతైనదనిపిస్తుంది.

ఆ ప్రశ్న మన దగ్గరికి తెచ్చుకుందాం. 2014-15లో తెలంగాణ తలసరి ఆదాయం సుమారు లక్షా 24 వేలు. 2024-25కి 3 లక్షల 79 వేలు దాటింది. మూడు రెట్లు. (పెరిగిన ధరలు తీసేయని అంకెలివి. పప్పు, నూనె, ఇంటద్దె తీసేస్తే మూడు రెట్లలో చాలా కరిగిపోతుంది, అయినా మిగిలేది తక్కువేం కాదు.) పైగా తలసరి అంటే సగటు. 2022-23లో రంగారెడ్డి జిల్లా తలసరి 9 లక్షల పైమాటే, దాన్ని ఆనుకునే ఉన్న వికారాబాద్‌ది 2 లక్షలకు లోపే. మరి మనం మూడు రెట్లు సంతోషంగా ఉన్నామా? కనీసం ఒకటిన్నర రెట్లు? ఈ ప్రశ్న ఏ పెళ్ళిలో అడిగినా భోజనాల వరసలో నవ్వులే వినిపిస్తాయి.

కారణాల్లో మొదటిది అలవాటు. మా ఏసీ కథ అదే. ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే మనస్తత్వవేత్తలు 1971లో దీన్ని ట్రెడ్‌మిల్‌తో పోల్చారు. ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉంటాం. దీనికి రుజువుగా అందరూ చెప్పే కథ 1978 నాటి ఒక అధ్యయనం. లాటరీ తగిలినవాళ్ళూ, ప్రమాదంలో కాళ్ళుచేతులు చచ్చుబడినవాళ్ళూ చివరికి ఒకేలా సంతోషంగా ఉంటారని తేలిందట. వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో ఇది ఎన్నిసార్లు విన్నానో. అసలు పత్రంలో అలా లేదు. 5 మార్కులకు లాటరీవాళ్ళు తమ సంతోషానికి 4.00, మామూలు జనం 3.82, ప్రమాద బాధితులు 2.96 వేసుకున్నారు. లాటరీవాళ్ళు మామూలువాళ్ళ కంటే పెద్దగా పైన లేరన్నది నిజం. కానీ బాధితులు స్పష్టంగా కిందే ఉన్నారు. పైగా లాటరీవాళ్ళు మొత్తం 22 మందే. 2020లో స్వీడన్‌లో వేలమంది లాటరీ విజేతలను చూసిన అధ్యయనంలో, పెద్ద మొత్తం తగిలినవాళ్ళకి జీవితం మీద తృప్తి పదేళ్ళ తర్వాత కూడా ఎక్కువగానే ఉంది.

కాబట్టి అన్నిటికీ అలవాటుపడిపోతామన్నది సగం నిజం. ఏసీకి అలవాటుపడతాం. అప్పులవాడి ఫోన్ రాకపోవడానికి అంత తొందరగా అలవాటుపడం. నాకు ఇప్పటికీ తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే ఒక్క క్షణం గుండె ఆగి, ఆ తర్వాత "ఇప్పుడు ఎవరికీ బాకీ లేం కదా" అని గుర్తొస్తుంది. ఆ గుర్తురావడం బాగుంటుంది. పధ్నాలుగేళ్ళుగా బాగుంటూనే ఉంది.

రెండో కారణం పోలిక. మన నగరానికి బాగా పట్టిన జబ్బు ఇదే అని నా నమ్మకం.

ఏప్రిల్‌లో మా ఆఫీసులో హైక్ లెటర్లు వెళతాయి. ఒకసారి ఓ కుర్రాడు ఉదయం 11కి స్వీట్ బాక్స్ పట్టుకుని వచ్చాడు. 14 శాతం వచ్చిందట, మొహం వెలిగిపోతోంది. కాజూ బర్ఫీ ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళాడు. మూడింటికి మళ్ళీ వచ్చాడు. ఈసారి నా కుర్చీ దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, "సార్, మా టీమ్‌లో హయ్యెస్ట్ ఎంత సార్?" అన్నాడు. చెప్పకూడదన్నాను. నా మొహం చూసి వాడికి అర్థమైపోయింది. వాడి జీతంలో 11 గంటలకీ మూడింటికీ మధ్య ఒక్క రూపాయి తగ్గలేదు. సాయంత్రం వెళ్తూ చూస్తే స్వీట్ బాక్స్ వాడి టేబుల్ మీద సగం అలాగే ఉంది.

కాలిఫోర్నియా యూనివర్సిటీ ఉద్యోగుల మీద దాదాపు ఇదే జరిగింది. ఉద్యోగుల జీతాలన్నీ ఒక వెబ్‌సైట్‌లో పెట్టారు. డేవిడ్ కార్డ్, ఇంకొందరు ఆర్థికవేత్తలు కొంతమంది ఉద్యోగులకు మాత్రం ఆ సైట్ గురించి చెప్పి, తర్వాత అందరినీ ప్రశ్నలడిగారు. తమ విభాగంలో మధ్యస్థం కంటే తక్కువ జీతం ఉన్నవాళ్ళకి, సైట్ గురించి తెలిశాక ఉద్యోగం మీద తృప్తి పడిపోయింది, వేరే ఉద్యోగం చూసుకోవాలన్న ఆలోచన పెరిగింది. ఎక్కువ జీతం ఉన్నవాళ్ళు? వాళ్ళకి ఆనందం పెరగలేదు. పోలికలో ఓడినవాడికి దుఃఖం, గెలిచినవాడికి ఏమీ లేదు. ఇంత నష్టం వ్యాపారం ఎక్కడైనా ఉంటుందా?

పోల్చుకునేది బిల్ గేట్స్‌తో కాదు, తోడల్లుడితో. ఇది నా సొంత కవిత్వం కాదు. డేవిడ్ న్యూమార్క్, ఆండ్రూ పోస్ల్‌వెయిట్ 1998లో అమెరికా మహిళల మీద పరిశోధన చేసి తేల్చిన సంగతి ఇది. తమ భర్త కంటే అక్కచెల్లెళ్ళ భర్త ఎక్కువ సంపాదిస్తుంటే, ఆ మహిళ ఉద్యోగంలో చేరే అవకాశం పెరుగుతోందట. దీనికి అమెరికాలో పరిశోధన కావాల్సి వచ్చింది గానీ, మన దగ్గర ఏ పెద్దమ్మను అడిగినా చెప్పేది.

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఈ నగరంలో మన పక్కవాడు ఎవరు? అదే వీధిలో బ్యాంకు క్లర్కు, ఆర్టీసీ ఉద్యోగి, టీచరు. అందరిదీ దాదాపు ఒకటే స్థాయి. ఇవాళ పక్కవాడు ఎక్కడైనా ఉండొచ్చు. ఒకే బ్యాచ్‌లో ఇంజినీరింగ్ చేసినవాళ్ళలో ఒకడు డాలస్‌లో, ఒకడు కోకాపేటలో ముప్పై ఎనిమిదో అంతస్తులో, ఒకడు ఇంకా ఎస్సార్‌నగర్ హాస్టల్లో. వాట్సాప్ గ్రూపులో మాత్రం అందరూ పక్కపక్కనే. గృహప్రవేశం ఫోటోలు పొద్దున్నే వస్తాయి, మనం ఇంకా బ్రష్ చేసుకుంటుండగానే.

ఇందులో అసూయ కంటే పెద్ద సంగతి ఒకటుంది. కొన్ని వస్తువులు పోలిక మీదే బతుకుతాయి. ఫ్రెడ్ హిర్ష్ అనే ఆర్థికవేత్త 1970లలో వీటిని విడిగా గుర్తించాడు. బియ్యం అందరికీ ఎక్కువ పండించొచ్చు. ర్యాంకు అందరికీ ఎక్కువ ఇవ్వలేం. ఐఐటీ సీట్లు దేశమంతా కలిపి సుమారు 18 వేలు. జేఈఈ మెయిన్ రాసేవాళ్ళు 10 లక్షల పైనే. నా చిన్నప్పుడు ఇంటర్ చదివేటప్పుడు కోచింగ్ గురించి ఆలోచించేవాళ్ళు. తర్వాత తొమ్మిదో తరగతి, ఇప్పుడు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. తల్లిదండ్రుల ఆదాయం పెరిగింది, ఆ పెరిగింది ఫీజుల్లోకి పోయింది, పిల్లల ఆటలు పోయాయి, మొదటి ర్యాంకు మాత్రం ఇప్పటికీ ఒక్కడికే. ప్రతి ఒక్కరూ తెలివిగానే ప్రవర్తించారు. అందరూ కలిసి నష్టపోయారు.

భూమీ అంతే. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. పేపర్లన్నీ పండగ చేసుకున్నాయి. మావాళ్ళూ సంబరపడ్డారు, మా ఫ్లాట్ విలువ కూడా పెరుగుతుందని. పెరిగింది కూడా. దాన్ని అమ్మి ఇంకోటి కొందామంటే అదీ పెరిగింది. మేం లెక్కల్లో ధనవంతులమయ్యాం, హాలు మాత్రం అదే హాలు, బాల్కనీ ముందు కొత్త టవర్ లేచి పొద్దుటి ఎండ కూడా పోయింది. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి జీతం మాకప్పుడు వచ్చినదానికి ఎన్నో రెట్లు. ఇల్లు కొనాలంటే వాళ్ళకి మాకంటే ఎక్కువ ఏళ్ళు ఈఎంఐ పడుతోంది. తలసరి ఆదాయంలో ఈ సంగతి కనిపించదు.

ఇక అమెరికాలో 75 వేల డాలర్ల కథ. డేనియల్ కానమన్, ఆంగస్ డీటన్ ఇద్దరూ ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నవాళ్ళే. 2010లో నాలుగున్నర లక్షల జవాబులు చూసి ఒక తేడా చెప్పారు. నిచ్చెన ప్రశ్న వేరు, "నిన్నంతా ఎలా గడిచింది, నవ్వావా, బాధపడ్డావా" అనే ప్రశ్న వేరు. నిచ్చెన మెట్టు ఆదాయంతో పెరుగుతూనే పోతోంది, రోజువారీ మనసు మాత్రం ఏడాదికి సుమారు 75 వేల డాలర్ల దగ్గర ఆగిపోతోంది అన్నారు. 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ ఫోన్ యాప్‌లో 33 వేల మందిని రోజులో వేర్వేరు వేళల్లో అడిగి, ఎక్కడా ఆగడం లేదన్నాడు. కొట్టుకోకుండా 2023లో కానమన్, అతనూ, బార్బరా మెల్లర్స్ కలిసి కూర్చుని లెక్క మళ్ళీ చేశారు. తేలింది ఏమిటంటే, ఎక్కువమందికి ఆదాయంతో పాటు రోజువారీ సంతోషం పెరుగుతూనే ఉంది. బాగా దుఃఖంలో ఉన్న ఒక 15 నుంచి 20 శాతం మందికి మాత్రం లక్ష డాలర్ల దగ్గర ఆగిపోతోంది. డబ్బు తీర్చగల కష్టాలు అక్కడికి తీరిపోతాయి. తర్వాత మిగిలేవి డబ్బు తీర్చలేనివి. పోయిన మనిషి, విరిగిన మనసు, డిప్రెషన్.

ఇప్పుడు మా వాచ్‌మన్ ఏడు దగ్గరికి వద్దాం.

1944లో, బెంగాల్ కరువు వచ్చిన మరుసటి ఏడు, కలకత్తా దగ్గర సింగూరులో ఒక ఆరోగ్య సర్వే చేశారు. భార్య పోయిన మగవాళ్ళలో 48.5 శాతం మంది ఒంట్లో బాగాలేదనో అంతంతమాత్రమనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్ళలో అలా చెప్పినవాళ్ళు 2.5 శాతం. ఆ కాలపు బెంగాల్‌లో వితంతువుల ఆరోగ్యం మగవాళ్ళ కంటే బాగుందని ఎవరూ నమ్మరు. అమర్త్య సేన్ ఈ అంకెల్ని పదేపదే గుర్తుచేస్తారు. ఆశ లేనిచోట ఫిర్యాదు కూడా ఉండదు. మనిషి తన కోరికల్ని తన గదంత చిన్నగా చేసుకుంటాడు, అప్పుడు నిచ్చెన కూడా పొట్టిదవుతుంది. పొట్టి నిచ్చెన మీద ఏడో మెట్టు ఎక్కడం పెద్ద కష్టం కాదు.

ఇది చదివినప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చింది. నాన్న పోయి పన్నెండేళ్ళు. ఎప్పుడు ఫోన్ చేసినా "నాకేం, బాగానే ఉన్నా" అంటుంది. పోయిన దసరాకి ఇంటికొస్తే కాలి బొటనవేలు నల్లబడి ఉంది. షుగర్ చూపిస్తే 340. నెల నుంచీ తిమ్మిరిగా ఉందట. "ఈ మాత్రానికి చెప్పేదేముంది" అంది. మా అమ్మని నిచ్చెన గురించి అడిగితే తొమ్మిది అంటుంది. ఆ తొమ్మిదిని నేను నమ్మను. అందుకే పేదవాళ్ళే హాయిగా ఉంటారన్న మాట వింటే నాకు చిరాకు. ఆ మాట ఎప్పుడూ ఏసీ గదిలోనే వినపడుతుంది.

అయితే వాచ్‌మన్ ఏడు మొత్తం ఉత్తదేనా? అదీ అనను. బిడ్డకు గురుకులం సీటు అంటే చదువు, తిండి, బట్టల ఖర్చు తల్లిదండ్రుల మీద లేకపోవడం. చైనాలో దీనికి తలకిందులుగా జరిగింది. 1990 నుంచి 2010 మధ్య అక్కడ తలసరి వినియోగం నాలుగు రెట్లు దాటింది. అయినా జీవితం మీద తృప్తి మొదట పదేళ్ళకు పైగా దిగజారి, ఆ తర్వాత కొంత కోలుకుంది. ఇదీ ఈస్టర్లిన్ బృందం చూపించిందే. ప్రభుత్వ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వాటితో పాటే వచ్చే ఇల్లు, వైద్యం, పెన్షన్ పోయాయి. జేబులో డబ్బుంది, రేపటి మీద ధీమా లేదు. మా వాచ్‌మన్ జేబులో డబ్బు లేదు, ఒక్క విషయంలో ధీమా వచ్చింది. అతను నాకు చెప్పిన ఏడు దాని ధర అనుకుంటాను.

పోలిక అంటని వస్తువులు ఏమైనా ఉన్నాయా అని కూడా చూశారు. హార్వర్డ్‌లో సారా సోల్నిక్, డేవిడ్ హెమెన్‌వే 1998లో అడిగిన ప్రశ్న ఇది. నీకు 50 వేల డాలర్లు, మిగతావాళ్ళకి 25 వేలు. లేదా నీకు లక్ష, మిగతావాళ్ళకి 2 లక్షలు. వస్తువుల ధరలు రెండుచోట్లా ఒకటే. ఏది కావాలి? సగం మంది దాకా 50 వేలే కోరుకున్నారు! అదే ప్రశ్న సెలవుల గురించి అడిగితే, పక్కవాడి కంటే ఎక్కువ ఉండాలని కోరినవాళ్ళు చాలా తక్కువ. పక్కవాడికి ఎన్ని రోజులైతే నాకేం, నాకు ఎక్కువ రోజులు కావాలన్నారు. టైమ్ విషయంలో మనిషి తోడల్లుణ్ణి మర్చిపోతాడన్నమాట.

టైమ్ ఎక్కడ పోతోందంటే దారిలో. 2004లో కానమన్ బృందం టెక్సస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది మహిళల్ని, నిన్నటి రోజును ముక్కలు ముక్కలుగా గుర్తుచేసుకుని ఏ పనిలో ఎలా అనిపించిందో రాయమంది. అట్టడుగున నిలిచింది పొద్దున ఆఫీసుకు వెళ్ళే ప్రయాణం. జర్మనీ లెక్కలు చూసిన అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రై ఇంకో విచిత్రం చెప్పారు. దూరం వెళ్ళేవాడికి జీతమో, ఇల్లో బాగుంటుంది కాబట్టే వెళ్తాడు, కాబట్టి లెక్క సరిపోవాలి. సరిపోవడం లేదు. ఎంత ఎక్కువ ప్రయాణమైతే తృప్తి అంత తక్కువ. జీతం స్లిప్పు మీద కనిపిస్తుంది. దారిలో పోయిన గంట ఏ స్లిప్పు మీదా కనిపించదు, అందుకే బేరంలో మోసపోతాం.

నేనూ మోసపోయాను. కూకట్‌పల్లిలో ఉద్యోగం, ఇంటికి ఇరవై నిమిషాలు. 2023లో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి ఆఫర్ వచ్చింది, నెలకు 35 వేలు ఎక్కువ. పేరోల్‌లో పనిచేసేవాడిని, కాగితం మీద టాక్సు, పీఎఫ్ అన్నీ వేసి మా ఆవిడకు చూపించాను. "ఇందులో రోడ్డేది?" అంది. నవ్వేశాను. జేఎన్‌టీయూ దగ్గర మొదలయ్యే వరస మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ దాటి గచ్చిబౌలి దాకా కదిలేది కాదు. మామూలు రోజు గంటా పావు, వాన పడితే రెండు గంటల పైనే. ఇంటికి చేరేసరికి మావాడు అన్నం తిని గదిలోకి వెళ్ళిపోయి ఉండేవాడు. ఆ 35 వేల మీద ధైర్యంతో కారు మార్చాం, ఈఎంఐ 19 వేలు. ఆ కారులోనే ఆ ట్రాఫిక్‌లో కూర్చునేవాణ్ణి.

పధ్నాలుగు నెలలు చేసి, కేపీహెచ్‌బీలో చిన్న కంపెనీకి మారిపోయాను. జీతం 30 వేలు తగ్గింది. ఇప్పుడు ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటాను. మావాడు పదో తరగతి, నేనొచ్చానని పెద్దగా పట్టించుకోడు, తలుపు మాత్రం తీసే ఉంచుతాడు. కారు ఈఎంఐ ఇంకా మూడేళ్ళుంది. ప్రతి నెలా ఐదో తారీఖున బ్యాంకు మెసేజ్ వచ్చినప్పుడు ఆ 30 వేలు గుర్తొస్తాయి. మొన్న వాచ్‌మన్ మళ్ళీ అడిగాడు, "ఇప్పుడెంత సార్?" అని. ఆరున్నర అన్నాను. అర మెట్టు ఎక్కడ నిలబడతారు సార్ అన్నాడు.